ఒంటి తీగతో మొదలైన విద్య: జిమీ హెండ్రిక్స్ జీవితము

అమెరికా దేశపు వాయవ్య మూలన, పసిఫిక్ సముద్రపు పాయ ఒడ్డున సియాటిల్ అనే రేవు పట్టణం ఉన్నది. 1950వ దశకపు నడిమి సంవత్సరాలలో అక్కడి హోరేస్ మాన్ ప్రాథమిక పాఠశాలకు ఒక నల్లజాతి బాలుడు పొడుగు కర్ర చీపురు చేతబట్టుకొని వచ్చేవాడు. ఊడ్చడానికి కాదు. దానిని పొట్టకు అడ్డంగా పట్టుకొని, లేని మెట్ల మీద ఒక చేతి వ్రేళ్ళు నొక్కుతూ, లేని తీగలను మరియొక చేత మీటుతూ తనలో తాను ఏదో వాయించుకొనేవాడు. ఇది ఒకనాటి వేడుక కాదు. ఏడాదికి పైగా సాగింది. పాఠశాల పిల్లల క్షేమం చూచే ఉద్యోగి ఒకరు దీనిని గమనించి, పేద పిల్లలకై ఉద్దేశించిన నిధి నుండి ఈ బాలునికి ఒక గిటారు కొనిపెట్టవలసిందని, లేనిచో వాని మనస్సుకు హాని కలుగవచ్చునని పైవారికి వ్రాశారు. ఆ కోరిక నెరవేరలేదు. కొని ఇమ్మని తండ్రిని అడుగగా ఆయనా నిరాకరించాడు.

ఆ బాలుడే జిమీ హెండ్రిక్స్. విద్యుత్తుతో పలికే గిటారు అనగానే నేటికీ లోకం మొట్టమొదట తలచుకొనే పేరు అదే.

అతడు 1942 నవంబరు 27వ తేదీన జన్మించాడు. తల్లి లూసిల్‌కు అప్పటికి 17 ఏండ్లు. తండ్రి అల్ హెండ్రిక్స్ రెండవ ప్రపంచయుద్ధం కారణంగా సైన్యంలో ఉన్నాడు. బిడ్డను చూచి వచ్చేందుకు ఆయనకు సెలవు దొరకలేదు. తల్లి బిడ్డకు జానీ ఆలెన్ అని పేరు పెట్టింది. పసివాడు ఇంటింటా చేతులు మారాడు. 1945లో సైన్యం నుండి విడుదలై వచ్చిన తండ్రి, కాలిఫోర్నియాలో కుటుంబ స్నేహితుల వద్ద పెరుగుతున్న మూడేండ్ల కుమారుని వెంటబెట్టుకొని వచ్చి, 1946లో జేమ్స్ మార్షల్ అని పేరు మార్చాడు. తండ్రీకొడుకుల మొదటి పరిచయం అట్లా జరిగింది.

ఇల్లు గడవడం కష్టంగా ఉండేది. తల్లిదండ్రులిద్దరికీ త్రాగుడు అలవాటు. పోట్లాటలు మొదలైనప్పుడు బాలుడు బట్టల బీరువాలో దాగికొనేవాడట. తరువాత పుట్టిన పిల్లలలో కొందరిని ఇతరుల సంరక్షణకు అప్పగించవలసి వచ్చింది. 1951 డిసెంబరులో దంపతులు విడాకులు పొందారు. జిమీ, తమ్ముడు లియాన్ తండ్రి వద్ద మిగిలారు. తండ్రి ఇండ్ల ముందరి తోటలు బాగుచేసి, చెత్త ఎత్తి కూలి సంపాదించేవాడు. పిల్లవాడు మితభాషి, సిగ్గరి. అప్పుడప్పుడు నత్తి కూడా ఉండేది.

1957లో అటువంటి కూలిపని ఒకటి వచ్చింది. ఒక వృద్ధురాలి ఇంటిలోని పాత సామాను బయట పారవేస్తుండగా, ఆ కుప్పలో విరిగిపోవడానికి సిద్ధంగా ఉన్న యుకలేలే ఒకటి జిమీ కంటబడింది. యుకలేలే అంటే గిటారుకు చెల్లెలి వంటి చిన్న వాద్యం, నాలుగు తీగలుండాలి. దానికి ఒక్కటే మిగిలి ఉన్నది. ఉంచుకొమ్మని ఆమె ఇచ్చివేసింది. చీపురు నుండి ఒంటి తీగకు పదోన్నతి లభించిందన్నమాట.

ఇక్కడ కొంచెం ఆగి చూడవలసిన విషయమున్నది. ఒక్క తీగ మీద స్వరమేళనం సాధ్యం కాదు. ఒక స్వరం తరువాత ఒక స్వరం పలికించుకొంటూ పాట నడకను వెతుక్కోవలసిందే. ఎల్విస్ ప్రెస్లీ పాటలు రేడియోలో వస్తుండగా, ఏ మెట్టు మీద వ్రేలు పెడితే ఆ గొంతు పలికిన స్వరం వస్తుందో చెవితో పట్టుకొని, ఆ బాలుడు ఒక్కొక్క మెట్టు వెదకినాడు. లిపి లేదు, గురువు లేడు. చివరివరకు అతడు పాశ్చాత్య సంగీతపు లిపిని చదవడం నేర్చుకొననేలేదు.

నాగర్‌కర్నూలు ప్రాంతపు 12 మెట్ల కిన్నెరను ఎరిగినవారికి ఇది వింతగా తోచదు. వెదురుబద్దకు సొరబుర్రలు కట్టి, మెట్లు అమర్చి, తీగలు బిగించిన ఆ వాద్యాన్ని వాయించేవారు తండ్రి చేతిని చూచి, తాత పాటను విని నేర్చినవారే గాని పుస్తకం విప్పినవారు కారు. పాల్కురికి సోమనాథుని బసవపురాణంలో కిన్నర బ్రహ్మయ్య కథ చదువుకొన్న మనకు ఆ వాద్యపు ప్రాచీనత తెలిసినదే. ఆ జిల్లాకు చెందిన దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చేదాకా కిన్నెర అనే మాటనే పట్టణవాసులు చాలామంది మరచిపోయి ఉన్నారు. గద్వాల, వనపర్తి సంస్థానాలు పండితులను పల్లకీలెక్కించి గౌరవించిన రోజులలో సైతం కిన్నెర పాట కోట వాకిలి బయట, పల్లె అరుగుల మీదనే వినవచ్చేది. అమెరికాలో బ్లూస్ అనబడే నల్లవారి పాటకు కూడా చిరకాలం అదే స్థానం. ప్రత్తి చేలలో కూలి చేసినవారి బిడ్డలు వరండాలలోనూ, వీధి మూలలలోనూ పాడుకొన్న పాట అది. హెండ్రిక్స్ విద్యకు వేళ్ళు అక్కడ ఉన్నవి.

1958 ఫిబ్రవరిలో తల్లి లూసిల్ మరణించింది. తండ్రి పిల్లలను అంత్యక్రియలకు తీసుకొని పోలేదు. దుఃఖాన్ని మగవాడు ఎట్లా దిగమ్రింగాలో ఇదీ పద్ధతి అన్నట్లు వారికి ఇంత సారాయి పోసి ఇచ్చాడు. ఆ తండ్రిని నిందించడం సులభమే. కాని మరుసటి ఏడు, రెక్కల కష్టం మీద బ్రతికే ఆ మనిషే కుమారునికి మొదటి విద్యుత్ గిటారు కొని ఇచ్చాడనేది కూడా మరువరాదు. ఈ రెంటికీ నడుమ, 1958 మధ్యలో, తన 15వ ఏట జిమీ 5 డాలర్లకు ఒక మామూలు గిటారు సంపాదించి, రోజుకు అనేక గంటలు దానితోనే గడిపాడు. మడ్డీ వాటర్స్, బి. బి. కింగ్, హౌలిన్ వుల్ఫ్ మొదలైన బ్లూస్ పాటకుల రికార్డులు వినడం, విన్నదానిని వ్రేళ్ళలోకి దించుకోవడం ఇదే చదువు. అతడు మొదట పూర్తిగా వాయించ నేర్చినది పీటర్ గన్ అనే టెలివిజను కథామాలికకు ముందు వచ్చే సంగీతమట. అందులో ఒక చిన్న స్వరవిన్యాసం మార్పు లేకుండా తిరిగి తిరిగి వస్తుంది. క్రొత్తగా నేర్చేవాని వ్రేళ్ళకు అంతకంటె మంచి జంటవరుస దొరకడం కష్టం.

అతనిది ఎడమచేతి వాటం. బజారులో దొరికే గిటార్లు కుడిచేతివారి కొరకు చేసినవి. అందుచేత అతడు గిటారును తలక్రిందులుగా త్రిప్పి, తీగలను తన చేతికి అనుకూలంగా మార్చి బిగించుకొనేవాడు. ఎడమచేయి వాడటం మంచిది కాదని తండ్రికి ఒక పట్టుదల. ఆయన గదిలోకి రాగానే కుర్రవాడు గిటారును మామూలు వైపుకు త్రిప్పి కుడిచేత వాయించేవాడని తమ్ముడు తరువాత చెప్పాడు. ఈ నిర్బంధం వలన అతనికి గిటారు రెండు వైపుల నుండి వశమైందని కొందరంటారు. ఎడమచేత వ్రాసిన పిల్లవానిని మందలించే అలవాటు మన బడులలో సైతం నిన్న మొన్నటివరకు లేకపోలేదు.

మొట్టమొదటి కచేరీ సియాటిల్‌లోని ఒక యూదుల ప్రార్థనామందిరపు నేలమాళిగలో జరిగింది. తోటివారిని మించి చేతివాటం ప్రదర్శిస్తున్నాడని కచేరీ నడుమ విరామంలోనే అతనిని తీసివేశారు. తండ్రి కొనిపెట్టిన గిటారును మరియొక కచేరీ తరువాత అక్కడనే విడిచివచ్చి దొంగలపాలు చేసుకొన్నాడు. అప్పుడు ఎర్రరంగు డానెలెక్ట్రో గిటారు ఒకటి వచ్చింది. ఉన్నత పాఠశాల చదువు పూర్తికాలేదు. గార్‌ఫీల్డ్ హైస్కూలు అతనికి గౌరవ పట్టా ఇచ్చినది 1995లో, చనిపోయిన 25 ఏండ్లకు.

1961లో దొంగిలించిన కార్లలో ప్రయాణం చేస్తూ రెండుసార్లు పోలీసులకు దొరికాడు. చెరసాలా, సైన్యమా అన్న ప్రశ్న వచ్చింది. సైన్యాన్ని ఎంచుకొని, ఆ ఏడు మే 31న చేరాడు. 101వ వైమానిక దళంలో, విమానం నుండి గొడుగుతో దుమికే పటాలంలో శిక్షణ. కెంటకీ రాష్ట్రంలోని శిబిరం నుండి తండ్రికి వ్రాసి గిటారు తెప్పించుకొన్నాడు. రాత్రులు దానిని ప్రక్కన పెట్టుకొని నిద్రించేవాడు. తోటి సిపాయిలు ఎగతాళి చేశారు, వాద్యాన్ని దాచి ఏడిపించారు. ఒకనాడు సైనికుల వినోదశాల కిటికీ బయట నడచిపోతున్న బిల్లీ కాక్స్ అనే మరియొక సిపాయి లోపలి నుండి వస్తున్న ఆ ధ్వని విని ఆగిపోయాడు. లోపలికి వెళ్ళి పరిచయం చేసుకొన్నాడు. ఆ స్నేహం చివరిదాకా నిలిచింది. పై అధికారులకు మాత్రం ఈ సిపాయి పనికిమాలినవాడు. పనివేళ కూడా వీని మనస్సు గిటారు మీదనే ఉంటున్నదని కాగితాల మీద వ్రాసి, 1962 జూన్ 29న ఇంటికి పంపివేశారు. అధికారులు వ్రాసినది అబద్ధమని చెప్పలేము.

పిమ్మటి నాలుగేండ్లు అతనికి నిజమైన గురుకులవాసం. దక్షిణ రాష్ట్రాలలో నల్లవారికి వేరు హోటళ్ళు, వేరు నాటకశాలలు, బస్సులలో వేరు స్థానాలు ఉన్న కాలమది. నల్లజాతి కళాకారులు నల్లవారి శాలలలోనే ఊరూరా తిరిగి కచేరీలు చేసేవారు. హెండ్రిక్స్ నాష్‌విల్‌లో బిల్లీ కాక్స్‌తో కలిసి ఒక బృందం నడిపాడు. తరువాత పెద్ద గాయకుల వెనుక నిలబడి వాయించే కూలికి కుదిరాడు. 1964లో ఐస్లీ సోదరుల వద్ద, పిమ్మట లిటిల్ రిచర్డ్ వద్ద. వెనుక నిలబడేవాని ధర్మం కఠినమైనది. గాయకుని గొంతుకు అడ్డు రాకుండా, తాళం వీడకుండా, అవసరమైనచోట మాత్రమే నాలుగు స్వరాలు పలికి తప్పుకోవాలి. తరువాతి కాలంలో హెండ్రిక్స్ ఒక్కడే వాయిస్తున్నా ఇద్దరు వాయిస్తున్నట్లు వినిపించడానికి మూలం ఈ కూలిపనిలో ఉన్నది. బొటనవ్రేలిని గిటారు మెడ మీదుగా వంచి మందర తీగను నొక్కుతూ, మిగిలిన నాలుగు వ్రేళ్ళతో రాగాన్ని నడిపే పద్ధతి అతడు సాధించాడు. గిటారును పండ్లతో మీటడం, వీపు వెనుక పెట్టుకొని వాయించడం మొదలైన గారడీలు కూడా ఆ శాలలలోనే నేర్చాడు. ప్రేక్షకులు అవి కోరేవారు. కాని తన ముందర మరొకడు మెరవడం లిటిల్ రిచర్డ్‌కు నచ్చలేదు. దుస్తుల మీద, ఆలస్యాల మీద తగవులు పెరిగి 1965 వేసవిలో ఆ కొలువు ముగిసింది.

ఆ అక్టోబరు 15న న్యూయార్కులో అతడు ఒక కాగితం మీద సంతకం చేశాడు. చేతికి 1 డాలరు, అమ్మకాలపై నూటికి 1 వంతు చొప్పున మూడేండ్లపాటు తన వాద్యం ఒక వ్యాపారికి వ్రాసి ఇచ్చిన ఒప్పందమది. ఆకలిగొన్నవాడు కాగితం చదువడు. మూడేండ్లు తిరగక ముందే అతడు లోకప్రసిద్ధుడైనప్పుడు ఆ కాగితం న్యాయస్థానానికెక్కింది. రాజీలో భాగంగా 1970లో వెలువడిన ఒక రికార్డు మొత్తం అవతలి పక్షపు కంపెనీకి ధారపోయవలసి వచ్చింది.

1966 వేసవిలో న్యూయార్కు గ్రీనిచ్ విలేజ్ పేటలోని కఫే వా అనే చిన్న శాలలో అతడు స్వంత బృందంతో వాయిస్తుండగా, ఇంగ్లండు నుండి వచ్చిన చాస్ చాండ్లర్ విన్నాడు. చాండ్లర్ ఆనిమల్స్ అనే ప్రసిద్ధ బృందంలో వాద్యకారుడు; వాయించడం మాని ఇతరులను పైకి తేవాలని చూస్తున్నాడు. ఆ సమయంలో హెండ్రిక్స్ వాయించినది హే జో అనే పాట. అదే పాటను ఎవరైనా క్రొత్త పద్ధతిలో వాయించితే బాగుండునని చాండ్లర్ అప్పటికే అనుకొంటున్నాడట. 1966 సెప్టెంబరు 24న ఇద్దరూ లండనులో దిగారు.

వారం తిరుగకముందే ఒక సంఘటన జరిగింది. ఎరిక్ క్లాప్టన్ అప్పటికి ఇంగ్లండులో గిటారు వాయించేవారందరికీ పెద్ద. అతని క్రీమ్ బృందం అక్టోబరు 1న లండను పాలిటెక్నిక్ విద్యార్థుల ముందు వాయిస్తున్నది. ఎవరూ ఎరుగని ఈ అమెరికన్ కుర్రవాడు వేదిక ఎక్కి ఒక పాట వాయించేందుకు అనుమతి కోరాడు. హౌలిన్ వుల్ఫ్ పాట కిల్లింగ్ ఫ్లోర్‌ను క్లాప్టన్ కష్టమైనదిగా భావించేవాడు; హెండ్రిక్స్ దానినే మరింత త్వరితగతిలో ఎత్తుకొన్నాడు. పాట నడుమ క్లాప్టన్ చేతులు గిటారు మీద నుండి జారిపోయాయి. అతడు వేదిక దిగి లోపలికి వెళ్ళాడు. అయితే క్లాప్టన్ కక్ష పెంచుకోలేదు. ఇద్దరూ స్నేహితులయ్యారు. ఓటమిని అంత తొందరగా గుర్తించగలగడం కూడా ఒక విద్వత్తే.

మిచ్ మిచెల్ మద్దెలలకు, నోయెల్ రెడింగ్ మందర గిటారుకు కుదిరారు. ముగ్గురి బృందం. డిసెంబరులో హే జో రికార్డు వెలువడి ఇంగ్లండు జాబితాలో 6వ స్థానానికి, 1967 మార్చిలో వచ్చిన పర్పుల్ హేజ్ 3వ స్థానానికి ఎక్కాయి. మే నెలలో మొదటి పెద్ద రికార్డు వచ్చింది. ఇంగ్లండు పత్రికలలో కొన్ని అతని ప్రతిభను మెచ్చుకొంటూనే వర్ణాన్ని గురించి వ్రాసిన వెకిలి రాతలు ఈనాడు చదివితే తల దించుకోవలసినవిగా ఉన్నవి.

ఈ పాటలలో ఏమున్నది? గిటారు నేర్చుకొనే విద్యార్థులు యాభై ఏండ్లు దాటినా వీనినే ఎందుకు పట్టుకొని కూర్చుంటారు? హే జోను తీసుకొందాము. అందులోని అయిదు స్వరసమూహాలు ఒకటి వెంట ఒకటి వస్తాయి. ప్రతిదీ దాని ముందరి దానికి పంచమస్థానంలో నిలుస్తుంది. స నుండి ప, ఆ పను స అనుకొంటే దానికి మళ్ళీ ప, ఇట్లా. మొదటి నెలలోనే విద్యార్థి ఆ అయిదింటిని పట్టుకొనగలడు. వాటి నడుమ హెండ్రిక్స్ వేసిన చిన్న చిన్న సంగతులను పట్టుకోవడానికి ఏండ్లు పడుతుంది. పర్పుల్ హేజ్ ఆరంభంలో క్రింద షడ్జమం మోగుతుండగా పైన ప్రతిమధ్యమం నిలిచి దానితో ఢీకొంటుంది. ఐరోపా సంగీత శాస్త్రకారులు చిరకాలం దూరంగా ఉంచిన కలయిక అది. ఆ పాటలో వచ్చే ప్రధాన స్వరసమూహంలో అంతర గాంధారమూ సాధారణ గాంధారమూ రెండూ ఏకకాలంలో పలుకుతాయి. అతని పేరుతోనే దానిని వాద్యకారులు ఈనాడు పిలుస్తున్నారు. మన చలనాట మేళంలో షట్‌శ్రుతి రిషభం పేరుతో సాధారణ గాంధార స్థానమూ, దాని ప్రక్కనే అంతర గాంధారమూ ఉన్నవి గదా. కాని మనము వానిని ఒకదాని తరువాత ఒకటి పలుకుతాము. బ్లూస్ గాయకుని గొంతు ఆ రెండు గాంధారాల నడుమ ఊగులాడుతుంది. ఆ ఊగులాటను హెండ్రిక్స్ ఒక్క మీటులో బిగించాడు.

తీగను మెట్టు మీద ప్రక్కకు లాగి స్వరాన్ని పైకి వంచడం అతని వాద్యానికి ప్రాణం. వైణికులు గమకం పలికించే కిటుకు ఇదే. అతడు తీగలన్నింటినీ మామూలుకంటె అర మెట్టు తగ్గించి శ్రుతి చేసుకొనేవాడు; అందువలన తీగ మెత్తబడి సులభంగా వంగేది, గొంతుకూ హాయిగా ఉండేది. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ విద్యుత్ మాండొలిన్ మీద కర్ణాటక సంగీతపు గమకాలను పలికించినప్పుడు మన సభలలోనూ అది సాధ్యమా అన్న ప్రశ్న లేచింది. ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజు మాండొలిన్ వాయించ నేర్చినవాడు కాదు. గురువు పాడేవాడు, పిల్లవాడు ఆ గొంతును తీగ మీద వెదకిపట్టేవాడు. సియాటిల్ కుర్రవానికి రేడియో చేసిన పని అది.

విద్యుత్ గిటారు పనిచేసే తీరు విజ్ఞానశాస్త్ర విద్యార్థులకు కఠినమైనది కాదు. ఉక్కు తీగల క్రింద అయస్కాంతాలు, వాటి చుట్టూ సన్నని రాగితీగ చుట్టలు ఉంటాయి. తీగ కంపించినప్పుడు అయస్కాంత క్షేత్రం మారి చుట్టలో స్వల్ప విద్యుత్తు పుడుతుంది. 1831లో ఫారడే కనుగొన్న సూత్రమే. ఆ స్వల్ప విద్యుత్తును యంత్రం పెంచి శబ్దకోశానికి పంపుతుంది. యంత్రం శక్తికి మించి పెంచితే తరంగాల శిఖరాలు నరికినట్లయి ధ్వని గరగరలాడుతుంది. రేడియో మరమ్మతు చేసేవానికి అది దోషం. హార్డ్ రాక్ అనబడే సంగీతానికి అదే కంఠస్వరం. ఇక శబ్దకోశం ఎదుట గిటారు పట్టుకొని నిలబడితే, బయటికి వచ్చిన ధ్వని తీగను తాకి దానిని మళ్ళీ కంపింపజేస్తుంది. ఆ కంపనం మళ్ళీ యంత్రంలోకి పోతుంది. సభలలో మైకు కూతపెట్టి అందరూ చెవులు మూసుకొనే సందర్భం ఎరిగినదే గదా, ఇదీ అదే. హెండ్రిక్స్ ఆ కూతను మచ్చిక చేసుకొన్నాడు. ఎంత దూరంలో నిలబడాలి, ఏ వైపుకు తిరగాలి, ఏ తీగను అణచి ఏ తీగను వదలాలి అని ప్రయోగాలు చేసి, మీటకుండానే స్వరం నిలబెట్టగల స్థితికి వచ్చాడు. అంతకు ముందు ఆ కూతను వాడినవారు లేకపోలేదు. ఇంత వశం చేసుకొన్నవారు లేరు.

1967 జూన్ 4న లండనులో ఒక కచేరీ. బీటిల్స్ బృందపు సార్జంట్ పెప్పర్ రికార్డు వెలువడి కొద్ది రోజులే అయింది. సభలో ఆ బృందానికి చెందిన పాల్ మెకార్ట్‌నీ, జార్జి హారిసన్ కూర్చుని ఉన్నారు. తెర లేవగానే హెండ్రిక్స్ ఎత్తుకొన్నది వారి ఆ రికార్డులోని మొదటి పాటనే. విన్నదానిని వ్రేళ్ళలోకి దించుకొనే ఆ పాత అలవాటు విడువలేదు. రెండు వారాలకు, జూన్ 18న, కాలిఫోర్నియాలో మాంటెరే సంగీతోత్సవంలో అతడు స్వదేశీయుల ముందు నిలబడ్డాడు. కచేరీ చివర గిటారును నేలపై పెట్టి, నూనె పోసి నిప్పంటించాడు. అమెరికా యావత్తూ ఆ మంటను చెప్పుకొన్నది. దసరానాడు వాద్యాలకు గంధం బొట్లు పెట్టి మ్రొక్కేవారికి ఈ పని రుచించదు. చీపురుతో తృప్తిపడిన పిల్లవాడే గిటారును తగులబెట్టాడనుకొన్నప్పుడు మరింత కష్టంగా ఉంటుంది. ఆ మంట వలన అతనికి నష్టమే ఎక్కువ జరిగిందని చెప్పవలసి ఉంటుంది. జనం పాట వినడానికి గాక మంట చూడడానికి రాసాగారు. తరువాతి ఏండ్లలో గారడీలు తగ్గించి నిలబడి వాయిస్తే కొందరు నిరాశపడి వెళ్ళేవారు.

1967 డిసెంబరులో రెండవ పెద్ద రికార్డు, 1968 అక్టోబరులో ఎలక్ట్రిక్ లేడీలాండ్ అనే మూడవది వెలువడ్డాయి. మూడవది అమెరికాలో ప్రథమస్థానం పొందింది. అతని జీవితకాలంలో శబ్దశాలలో తయారై వెలువడిన పెద్ద రికార్డులు ఈ మూడే. రెండవదానికి సంబంధించిన ఒక ముచ్చట ఉన్నది. సగం పాటలున్న అసలు టేపును అతడు ఒక టాక్సీలో మరచిపోయాడు, మళ్ళీ దొరకలేదు. ఆ సగాన్ని రాత్రికి రాత్రి తిరిగి కూర్చవలసి వచ్చింది. మూడవదానిలో బాబ్ డిలన్ పాట ఒకటి ఉన్నది. ఆ పాటను ఆ పిమ్మట డిలనే హెండ్రిక్స్ పద్ధతికి దగ్గరగా పాడసాగాడు. కవి తన పాటను ఇతరుని నోట విని దిద్దుకొన్న సందర్భాలు అరుదు.

1968 నడుమ నుండి కొన్ని నెలలు హెండ్రిక్స్ లండను బ్రూక్ వీధిలో 23వ నంబరు ఇంటి పై అంతస్తులో కాపురమున్నాడు. ప్రక్కది 25వ నంబరు. జర్మనీ నుండి వచ్చి ఇంగ్లండులో స్థిరపడిన మహావాగ్గేయకారుడు హాండెల్ 1723 నుండి 1759లో మరణించేవరకు నివసించిన ఇల్లు అది. ఈ సంగతి తెలిసిన తోడనే హెండ్రిక్స్ బజారుకు పోయి హాండెల్ రికార్డులు కొని తెచ్చుకొన్నాడు. లిపి చదువరాని ఈ విద్యార్థి ఆ గదిలో కూర్చుని మెస్సయ్య వినేవాడు. ఇప్పుడు ఆ రెండు ఇండ్లూ కలిపి ఒకే ప్రదర్శనశాలగా ఉన్నవి.

1969 ఆగస్టులో న్యూయార్కు రాష్ట్రంలోని పాడిపశువుల క్షేత్రంలో ఉడ్‌స్టాక్ సంగీతోత్సవం జరిగింది. నాలుగు లక్షలకు పైగా జనం వచ్చారు. వానలు, బురద, ఆలస్యాలు. చివరివాడుగా హెండ్రిక్స్ వేదిక ఎక్కేసరికి ఆదివారం రాత్రి గడిచి, 18వ తేదీ సోమవారం తెల్లవారి పొద్దెక్కింది. పది మందిలో తొమ్మిదిమంది ఇండ్ల దారి పట్టారు. మిగిలినవారి ముందు అతడు పాటల నడుమ అమెరికా జాతీయగీతం ఎత్తుకొన్నాడు. మాటలు లేవు, గిటారు ఒక్కటే. గీతంలో బాణసంచా, బాంబులు అని వచ్చేచోట ఆ గిటారు విమానాలు దూకినట్లు, ఊళ్ళు కూలినట్లు, మనుష్యులు అరచినట్లు పలికింది. పిమ్మట మళ్ళీ రాగంలోకి వచ్చి గీతాన్ని ముగించింది. నాలుగు నిమిషాలకు లోపు వ్యవహారం. వియత్నాంలో అప్పుడు యుద్ధం జరుగుతున్నది; అతడు ఒకనాడు చేరిన 101వ దళం అక్కడ పోరాడుతున్నది. జాతీయగీతానికి అపచారం చేశాడని కొందరు, యుద్ధాన్ని ఇంతకంటె బాగా ఎవరూ నిరసించలేదని కొందరు వాదులాడారు. అతడు మాత్రం తన వాద్యంలో అపచారమేమీ లేదని, అది తనకు అందంగానే తోచిందని టెలివిజనులో మెత్తగా చెప్పి ఊరకున్నాడు.

కీర్తి పెరిగినకొద్దీ నిద్ర తగ్గింది. కచేరీ నుండి కచేరీకి పరుగు, వ్యవహర్తల ఒత్తిడి, న్యాయస్థానాలు, మత్తుమందులు. 1969 మే నెలలో టొరంటో విమానాశ్రయంలో సామానులో మత్తుపదార్థం దొరికిందని నిర్బంధించారు; డిసెంబరులో నిర్దోషిగా విడిచిపెట్టారు. పాత మిత్రుడు బిల్లీ కాక్స్ మళ్ళీ ప్రక్కకు వచ్చాడు. న్యూయార్కులో స్వంత శబ్దశాల కట్టించుకోవాలన్న కోరిక తీరి, 1970 ఆగస్టు 26న ఎలక్ట్రిక్ లేడీ స్టూడియో ప్రారంభమైంది. గంటల లెక్కన అద్దె కట్టకుండా ఇష్టమైనంతసేపు ప్రయోగాలు చేసుకొనవచ్చుననే ఆశతో కట్టినది. వెంటనే ఐరోపా పర్యటనకు పోవలసి వచ్చింది. సెప్టెంబరు 6న జర్మనీలోని ఫేమార్న్ ద్వీపంలో చేసిన కచేరీ చివరిది.

1970 సెప్టెంబరు 18న లండనులోని ఒక హోటలు గదిలో అతడు స్పృహ లేకుండా పడి ఉండగా ఆసుపత్రికి చేర్చారు. నిద్రమాత్రలు మోతాదుకు ఎన్నో రెట్లు మ్రింగి ఉన్నాడు. నిద్రలోనే వాంతి అయి ఊపిరాడక మరణించాడు. అది ప్రమాదమో, మరేమో తేల్చడానికి తగిన సాక్ష్యం లేదని విచారణాధికారి తీర్పు వ్రాశారు. వయస్సు 27. లండనులో దిగిన నాటి నుండి లెక్కిస్తే నాలుగేండ్లకు ఆరు రోజులు తక్కువ. ఆరు రోజులు తక్కువైన ఆ నాలుగేండ్లలోనే ఆయన చేసిన ప్రసిద్ధ పని యావత్తూ ఉన్నది.

అక్టోబరు 1న స్వస్థలానికి సమీపంలోని రెంటన్ శ్మశానంలో ఖననం చేశారు. అప్పటి సమాధిఫలకం మీద పేరుతోపాటు ఒక గిటారు బొమ్మ కూడా చెక్కించారు. ఆ బొమ్మలోని గిటారు తలక్రిందులుగా లేదు. కుడిచేతివారు పట్టుకొనే తీరున ఉన్నది.